నెల్లూరు సీమలోని పురాతనాగ్నిశిలలు

2004వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన సుమత్రా ద్వీపముచెంత సముద్రగర్భమున భూకంపము పుట్టి, కడలి మన తీరగ్రామములమీదికి వచ్చినది మొదలు, అగ్నిపర్వతముల పాఠము చెప్పునపుడెల్ల తరగతిలో నొక ప్రశ్న వినబడుచుండును: "మన సీమలోని కొండలు కూడ నెన్నడైన నగ్ని గ్రక్కునా?" భయమునుండి పుట్టినదైనను ఇది మంచి ప్రశ్న. దీని సమాధానము మన సీమలోని నల్లరాళ్లయందే కలదు.

ముందుగా అగ్నిపర్వత మెట్లు పుట్టునో తెలిసికొందము. భూమి పైపొర ఒకే చిప్ప కాదు. అది పెక్కు ఫలకములుగా విభజింపబడి, మిగుల మెల్లగా కదలుచుండును. కొన్నిచోట్ల సముద్రపుటడుగునుండు ఫలకము మఱియొకదాని క్రిందికి దిగిపోవుచు, తనతో నీటినిగూడ లోనికి గొనిపోవును. అచట మిక్కిలి వేడిగానున్న శిల, నీరు సోకినంతనే తక్కువ వేడిమికే కరగును. కరగిన శిల తేలికయై పైకెగయును. అది వెలువడినప్పుడు లావా యందుము.

లోకములోని అగ్నిపర్వతములలో నెల్ల నున్నతమైనది, చిలీ అర్జెంటీనాల సరిహద్దునగల ఓహోస్ డెల్ సలాదో. దాని యెత్తు 6,893 మీటర్లు. ఆ శిఖరము పుట్టుట కిదియే కారణము. మనకు సమీపమున అండమాను సముద్రములోని బారెన్ ద్వీపమును ఇట్టిదే. నీటిపై దాని యెత్తు 354 మీటర్లే యైనను, క్రింద సముద్రపుటడుగునుండి అది రెండు వేల మీటర్లకు మించి లేచియున్నది. 1787లో అది అగ్ని గ్రక్కుట వ్రాతలకెక్కినది. చిరకాలము నిద్రించి 1991లో మరల మేల్కొన్నది. నేడు మన దేశమున సజీవమైన అగ్నిపర్వత మదియొక్కటియే. దానికి శిలాద్రవము నందించు ఫలకపు జాఱుడే 2004లో మన తీరముపైకి సునామీని పంపినది.

ఇక మన సీమకు వత్తము. నెల్లూరు సీమలోని కండ్రవద్ద నల్లని శిలలు గలవు. ఇవి పూర్వకాలపు సముద్రపుటడుగు కావచ్చునా యని ఉస్మానియా విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్రజ్ఞులైన లీలానందముగారు 1990లో విచారించిరి. అచటి శిలలలో తలగడల వంటి బసాల్టు ముద్దలు గలవు. లావా చన్నీటిలో వెలువడినపుడు దాని పైతోలు వెంటనే గట్టిపడును. లోపలి ద్రవము ఆ తోలును చీల్చుకొనివచ్చి మఱియొక ముద్దయగును. ఇట్లు తలగడమీద తలగడ పేరుకొనును. కావున తలగడ శిల కనబడినచోట నొకప్పుడు నీరుండెనని చెప్పవచ్చును.

వయస్సు తెలిసికొనుటకు వేఱొక సాధనము గలదు. జిర్కాను స్ఫటికములందలి యురేనియము క్రమముగా సీసమగును. ఈ మార్పును కొలిచి, కండ్ర శిలల ప్రాయము సుమారు 185 కోట్ల సంవత్సరములని 2010లో ప్రకటించిరి. ఒక ఫలకము మఱియొకదాని క్రిందికి దిగుచున్నచోటనే అవి పుట్టినవని వారి యభిప్రాయము. అనగా నేడు అండమాను సముద్రమున జరుగునది, ఆనాడు ఇచట జరిగినది. పిమ్మట భూఖండము లొండొంటితో నొరసికొనగా ఆ సముద్రము మూసికొనిపోయి, దాని యడుగులో నొక తునుక నేలపై నిలిచినది.

ఈ శిలలను గుర్తించుటకు మన ఉప్పుమళ్లే పాఠము నేర్పును. ఎండకు నిదానముగా నేర్పడిన ఉప్పు గల్లుగా నుండును. పొయ్యిమీద త్వరగా నిగిర్చినది పిండివలె నుండును. అట్లే నీటిలో తటాలున చల్లారిన బసాల్టు సన్నని రేణువులది. లోతున మెల్లగా చల్లారిన గాబ్రో ముతక రేణువులది. గూడూరు, రాపూరు ప్రాంతముల అభ్రకపు రేకులు మఱింత పెద్దవి. అవి లోతున, నీటితో గూడిన పలుచని శిలాద్రవమునుండి పెరిగినవి.

విద్యార్థులారా, మీ ప్రశ్నకు సమాధానమిది. మన సీమలో అగ్ని యుండెను, నేడు లేదు. ఫలకముల యంచు మనకు దూరమైనది గనుక మన కొండలకు మీరు వెఱవ నక్కఱలేదు. అయితే ఆ దూరపు టంచున పుట్టిన యల మనలను చేరగలదని 2004 తెలిపినది. 2007నుండి హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రము సునామీ హెచ్చరికల నిచ్చుచున్నది. హెచ్చరిక విన్నను, కడలి అకస్మాత్తుగా వెనుకకు తగ్గుట కన్నను, చూచుచు నిలువక మెట్టకు పరుగెత్తుడు. ఇంటివారికిని ఈ మాట చెప్పుడు. భయపడవలసినదేదో, భయపడనక్కఱలేనిదేదో యెఱుగుటయే ఈ పాఠమునకు ఫలము.