పాత కారు – పొగ పరీక్ష

పరీక్షకు ముందురాత్రి చదివి గట్టెక్కుట మనలో కొందరికి అలవాటే. పాత కారు విషయమున ఆ ఉపాయము పారదు. అమెరికాలో వేరొక రాష్ట్రము నుండి కాలిఫోర్నియాకు మారు మన తెలుగువారు తమ పాత కారును అక్కడ రిజిస్టరు చేయింపవలెనన్న, సాధారణముగా పొగ పరీక్ష నెగ్గవలెను. ఈ విధానము 1984లో ఆరంభమైనది. పెట్రోలు కార్లలో 1976 నుండి 1999 వరకు తయారైన వాని గొట్టము నుండి వెలువడు వాయువులను కొలుతురు. 2000 నుండి వచ్చిన వానిలోని కంప్యూటరును పరిశీలింతురు.

ఇంజను హెచ్చరిక దీపము వెలిగినచో కొందరు బ్యాటరీ తీగ విప్పి దానిని ఆర్పుదురు. అప్పుడు కంప్యూటరు తనకు తాను జరుపుకొన్న తనిఖీల ఫలితములును చెరిగిపోవును. ఖాళీ జవాబు పత్రమునకు మార్కులు రావు గదా! కావున ముందు లోపమును సరిచేయించి, కొన్ని దినములు ఊరిలోను రహదారిపైనను నడుపవలెను. బానెట్టు క్రింది చీటీలో పేర్కొన్న పరికరములన్నియు ఉన్నవో లేవో చూచుకొనవలెను. ఇంజను బాగుగా వేడెక్కిన పిదపనే కేంద్రమునకు తీసికొనిపోవలెను. చల్లని కెటాలిటిక్ కన్వర్టరు విషవాయువులను శుద్ధి చేయజాలదు.

దీపము నార్పినంత మాత్రమున పొగ ఆగదు. ఆ వీథిలో గాలి పీల్చు పసిపిల్లల కొరకే ఈ పరీక్ష యని మేము తలంచుచున్నాము.