ఒక్క ఓడ, వెయ్యి కోట్ల యూరోలు

ఆ మాట బయటికొచ్చింది మనముండే అబూదాబిలోనే. 2025 డిసెంబరు 21న, క్రిస్మస్‌కు ముందు ఇక్కడున్న తమ సైనికులను కలవడానికి వచ్చిన ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్, కొత్త విమాన వాహక నౌక కట్టాలని నిర్ణయించామని ప్రకటించారు. ఖర్చు సుమారు వెయ్యి కోట్ల యూరోలు. మన రూపాయల్లో లక్ష కోట్ల పైమాటే. ఆ రాత్రి ముసఫ్ఫాలో మా క్యాంపు మెస్సులో ఇదే ముచ్చట.

"అన్నా, ఒక్క ఓడకు లక్ష కోట్లా? ఎవలతోని కొట్లాడనీకి?" అన్నాడు మా రూములో ఉండే ప్లంబింగ్ ఫోర్‌మన్.

నేను నౌకాదళం వాణ్ని కాను. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, పదమూడేళ్లుగా సైట్ల మీద ఎండలో నిలబడ్డవాణ్ని. కాకపోతే ఖర్చు, గడువు, మనుషులు, ఈ మూడింటినీ చూసుకోవడమే నా ఉద్యోగం. అందుకే వాడి ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఈ ఓడల కథ చదివాను. చదివిన కొద్దీ మన సైటు కథే కళ్ల ముందుకొచ్చింది.

ఫ్రాన్స్ దగ్గర ఇప్పుడున్నది ఒక్కటే విమాన వాహక నౌక, పేరు షార్ల్ ద గోల్. సుమారు 42 వేల టన్నుల బరువు, 261 మీటర్ల పొడవు, అణుశక్తితో నడుస్తుంది. 1989లో పని మొదలుపెడితే 2001లో గానీ సేవలోకి రాలేదు. మధ్యలో బడ్జెట్లు కోశారు, గడువులు జరిపారు. ఇంకో తమాషా ఉంది. అమెరికా నుంచి కొన్న హాక్‌ఐ నిఘా విమానం భద్రంగా దిగి మలుపు తిరగడానికి డెక్కు చాలదని తర్వాత తేలింది. దాంతో 4.4 మీటర్లు పెంచాల్సొచ్చింది. శ్లాబు పోశాక కొలత తక్కువని తెలిస్తే సూపర్‌వైజర్ మొహం ఎలా ఉంటుందో మనకు చెప్పక్కర్లేదు. 2000 నవంబరులో, పరీక్షల్లో ఉండగానే, అట్లాంటిక్‌లో ప్రొపెల్లర్ రెక్క విరిగింది. కొత్తవి చేయించే దాకా పాత ఓడలు క్లెమాన్సో, ఫోష్‌ల కోసం దాచిన ప్రొపెల్లర్లు తగిలించి నడిపారు. వేగం తగ్గింది.

ఇవన్నీ ఎక్కడైనా జరిగేవే. అసలు కష్టం వేరే ఉంది. 2017లో ఈ ఓడను పెద్ద మరమ్మతులకు తూలాన్ రేవులో పెట్టారు. ఏడాదిన్నర పట్టింది, 130 కోట్ల యూరోలు అయ్యాయి. అంతకాలం ఫ్రాన్స్‌కు విమాన వాహక నౌకే లేదు. డెక్కు మీద దిగే విద్య రోజూ చేస్తేనే చేతిలో ఉంటుంది. అందుకని 2018లో తమ రఫేల్ విమానాలను, పైలట్లను అమెరికా పంపించి, వాళ్ల జార్జ్ బుష్ నౌక మీద సాధన చేయించారు. లక్షల కోట్ల దేశం, పక్కవాడి డెక్కు అడిగి వాడుకుంది!

మూడేళ్ల కిందట మా సైటులో టవర్ క్రేన్ ఒక్కటే ఉండేది. రెండోది ఎందుకు దండగ అన్నారు పైవాళ్లు. గేర్‌బాక్సు పోయింది. విడిభాగం రావడానికి పదహారు రోజులు. 140 మంది కూలీలు చేతులు కట్టుకుని కూచున్నారు, ఓటీ పోయింది, చాలామందికి ఆ నెల ఇంటికి పంపే డబ్బు సగమైంది. క్రేన్ ఒక్కటే ఉంటే, అది ఆగిన రోజున మనకు క్రేన్ లేనట్టే లెక్క.

మన విశాఖ కథే చూడండి. 1971 యుద్ధంలో భారత్‌కు ఉన్నది ఒక్క విక్రాంత్. అదీ బ్రిటన్‌లో సగం కట్టి ఆపేసిన ఓడను కొని పూర్తి చేయించుకున్నది. బాయిలర్‌లో పగుళ్లు, పూర్తి వేగం తీయడానికి భయం. దాన్ని ముంచడానికి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ బంగాళాఖాతంలోకి వస్తే, మనవాళ్లు విక్రాంత్‌ను అండమాన్ వైపు దాచేసి, అది విశాఖ దగ్గరే ఉందని నమ్మించారు. ఘాజీ విశాఖ తీరం దగ్గరే మునిగింది. తర్వాత విక్రాంత్ విమానాలు తూర్పు పాకిస్తాన్ రేవుల మీద దాడి చేశాయి. పని జరిగింది, నిజమే. కానీ ఒక్కటే ఉన్నవాడు దాన్ని వాడే ముందు దాచుకోవడానికి ఎంత తిప్పలు పడాలో కూడా ఆ యుద్ధమే చూపించింది.

మరైతే అసలు వద్దా? అలాగని అనలేం. 2011 లిబియా యుద్ధం ముందు బ్రిటన్ పొదుపు పేరుతో తన ఆర్క్ రాయల్ నౌకను, హారియర్ విమానాలను తీసేసింది. మొదటి దాడికి వాళ్ల టొర్నాడోలు ఇంగ్లండ్ నుంచే బయల్దేరి, గాల్లోనే ఇంధనం నింపుకుంటూ, రానూపోనూ దాదాపు 4,800 కిలోమీటర్లు ఎగిరాయి. ఫ్రాన్స్ తొలి దాడులు సొంత గడ్డ మీది స్థావరాల నుంచే చేసినా, కొద్ది రోజుల్లోనే వాళ్ల విమానాలు లిబియాకు దగ్గరలో నిలిచిన సొంత ఓడ మీంచి లేచాయి. 2015లో ఇదే షార్ల్ ద గోల్ మన గల్ఫ్‌లోకి వచ్చి, ఇరాక్‌లో ఐసిస్ మీద దాడులు చేసింది. ఎవరి రన్‌వే అడగనక్కర్లేదన్నది చిన్న మాట కాదు. పైగా ఫ్రాన్స్‌కు రీయూనియన్ నుంచి తాహితి దాకా దీవులున్నాయి, కోటి చదరపు కిలోమీటర్లు దాటిన సముద్ర మండలం ఉంది.

ఇంకొకటి, పనివాళ్ల సంగతి. ఓడ కట్టే సాన్ నజేర్ యార్డులో, రియాక్టర్ పనుల్లో చెయ్యి తిరిగిన వెల్డర్లు, ఫిట్టర్లు ఉంటారు. ఇరవై ఏళ్లు పని ఇవ్వకపోతే వాళ్లు రిటైరవుతారు, కుర్రవాళ్లకు నేర్పేవాళ్లుండరు. మంచి షట్టరింగ్ గ్యాంగు ఒకసారి చెదిరిపోతే మళ్లీ కూర్చడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఫ్రాన్స్ వాళ్ల వాదనల్లో నా మనసుకు బాగా తాకింది ఇదే.

అయినా లెక్క ఓడతో ముగియదు. చుట్టూ కాపలా నౌకలు కావాలి, జలాంతర్గామి కావాలి, ఇంధనం, తిండి, మందుగుండు మోసే ఓడలు కావాలి. ఫ్రాన్స్ నౌకాదళానికి ఉన్న పెద్ద ఫ్రిగేట్ యుద్ధనౌకలు పదిహేనే. వాటిలో కొన్ని ఎప్పుడూ మరమ్మతుల్లో ఉంటాయి. నాలుగు ఈ ఓడ చుట్టూ తిరిగితే మిగతా సముద్రానికి ఏం మిగులుతుంది? 2023 డిసెంబరులో ఎర్ర సముద్రంలో హూతీల డ్రోన్లను కూల్చింది ఫ్రాన్స్ వాళ్ల లాంగ్‌డాక్ అనే ఒక్క ఫ్రిగేట్. ఆ దారి సరుకు ఓడలకు అప్పుడు అక్కరకొచ్చింది దాని రాడారు, దాని క్షిపణులు.

కొత్త ఓడ మరీ పెద్దది. సుమారు 78 వేల టన్నులు, 310 మీటర్లు. విమానాన్ని వడిసెల రాయిలా విసిరే విద్యుదయస్కాంత యంత్రం మాత్రం అమెరికా నుంచే కొనాలి. ఎవరి మీదా ఆధారపడకూడదని కడుతున్న ఓడలో అదొక మెలిక.

మా ఫోర్‌మన్‌కు నేను చెప్పింది ఇది: రెండు కట్టే స్తోమత ఉంటే కట్టాలి. ఒక్కటే అయితే, నేనైతే ఆ డబ్బులో ఎక్కువ భాగం ఫ్రిగేట్ల మీద, వాటి మీద పనిచేసే మనుషుల మీద పెడతాను. ఇటలీలాగా కాస్త చిన్న ఓడ, నిటారుగా దిగే విమానాలు అనే దారి కూడా ఉంది. కానీ ఫ్రాన్స్ రఫేల్‌లు అలా దిగలేవు.

"మరి రెండోది కడతరా?" అని అడిగాడు.

కొత్తది 2038లో రావాలి. షార్ల్ ద గోల్ రిటైరయ్యేదీ అప్పుడే. ఇది వస్తుంటే అది పోతుంది. అప్పటికి నేను యాభైకి దగ్గరపడతాను, మావాడు ఇంటికి పోయి బోరు వేయించుకుంటానంటున్నాడు. ఫ్రాన్స్ దగ్గర మాత్రం మళ్లీ ఒక్కటే ఓడ ఉంటుంది.