అదే ఇన్సులిన్, చోటు మారితే లెక్క వేరు

ఇన్సులిన్ వేసుకునేవాళ్లను ఎన్ని యూనిట్లని అడగండి, ఠక్కున చెబుతారు. ఎక్కడ వేసుకుంటున్నారంటే మాత్రం చెయ్యి అందినచోట అంటారు. కానీ అవే పది యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్ పొట్ట మీద వేస్తే త్వరగా, తొడకు వేస్తే నిదానంగా రక్తంలో కలుస్తుంది.

సీసాలో ఉన్నప్పుడు ఈ ఇన్సులిన్ అణువులు జింకును పట్టుకుని ఆరేసి చొప్పున గుంపు కట్టి ఉంటాయి. అంత పెద్ద గుంపు సన్నటి రక్తనాళాల గోడ దాటడం కష్టం. చర్మం కింది కొవ్వులో పలచబడి, జంటలుగా, ఒంటరి అణువులుగా విడిపోయాకే లోపలికి వెళ్తుంది. భోజనానికి అరగంట ముందు వేసుకోమనేది అందుకే. కొవ్వు పొరలో రక్తం బాగా ఆడేచోట ఈ పని చురుగ్గా సాగుతుంది. పొట్టది మొదటి స్థానం, తర్వాత జబ్బ, తొడ, చివర పిరుదు. 1996లో వచ్చిన లిస్‌ప్రో అనే ఇన్సులిన్ గుంపు త్వరగా విడిపోతుంది కనుక దానికి చోటు తేడా తక్కువ. గ్లార్జిన్ అనే మరో ఇన్సులిన్‌కైతే ఆ తేడా దాదాపు లేదు.

చోటొక్కటే కాదు, అక్కడ జరిగేదీ ముఖ్యమే. తొడకు సూది వేసుకుని వెంటనే సైకిలెక్కినా, వేడినీళ్లు పోసుకున్నా, ఆ చోట రుద్దినా మందు తొందరపడుతుంది. కండలోకి దిగినా అంతే. చర్మం మందం రెండు, రెండున్నర మిల్లీమీటర్లే కాబట్టి, లావుగా ఉన్నవాళ్లకు కూడా 4 మిల్లీమీటర్ల పెన్ సూది సరిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ చిక్కు తెచ్చేది గడ్డ. ఇన్సులిన్ కొవ్వును పెంచే హార్మోన్. రోజూ ఒకేచోట పొడిస్తే అక్కడ కొవ్వు పేరుకుని, వేళ్లతో నొక్కితే రబ్బరు ముక్కలా తగులుతుంది. కంటికి కనిపించకపోవచ్చు కూడా. అక్కడ నొప్పి తెలియదు కనుక మళ్లీ అక్కడే వేసుకుంటారు! ఆ గడ్డలోంచి మందు ఒకరోజు సరిగా రాదు, మరోరోజు ఒక్కసారిగా వస్తుంది. తిండి మారలేదు, డోసు మారలేదు, షుగర్ మాత్రం పైకీ కిందికీ. నిందంతా పాపం అన్నం మీద పడుతుంది, డోసు పెరుగుతుంది. ఆ పెంచిన డోసునే ఉన్నట్టుండి మంచిచోట వేసుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. చోటు మార్చేముందు డోసు తగ్గించాలేమో డాక్టరును అడగాలి.

పొట్టను నాలుగు భాగాలు అనుకుని వారానికొక భాగం వాడండి. సూదికీ సూదికీ కనీసం ఒక సెంటీమీటరు ఎడం ఉంచండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు రిపోర్టులతో పాటు సూది వేసుకునే చోటు కూడా చూపించి, చేత్తో నొక్కి చూడమనండి.