గన్‌ఫౌండ్రీ దేవాలయము: చూడవలసినవి, వినవలసినవి

హైటెక్ సిటీలో కొలువు చేయువారి యిండ్లకు బంధువులు వచ్చినపుడు, సెలవునాడు వారికి ఏమి చూపవలెనను ప్రశ్న పుట్టుచుండును. 1998లో సైబర్ టవర్స్ వెలసిన పిమ్మట ఆ చుట్టుపట్ల లేచినవి చాలవరకు అద్దాల మేడలే. నూరేండ్లు దాటిన కట్టడము కావలెనన్న నగరములోనికి కదలవలసినదే. మేమును ఒక శనివారమునాడు మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో బండి మారి, నాంపల్లిలో దిగి, ఆటోలో గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్ కతీడ్రలునకు పోతిమి. సికిందరాబాదులోని మరియమాత దేవాలయము దీనికన్న పాతది. 1850లో పూర్తియై, 2008లో బసిలికా గౌరవమును పొందినది. అయినను మేము ఇచ్చటికే వచ్చుటకు కారణము దీని గంటలు.

ముందు పేట పేరు. పదునెనిమిదవ శతాబ్దపు చివర నిజాము కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండు ఇచ్చట ఫిరంగులు పోతపోయించెను. జనులు ఆ చోటిని తోప్ కా సాంచా అనిరి. మిలాను నగరమునుండి వచ్చిన కతోలిక గురువులు 1855లో హైదరాబాదు మిషనును చేపట్టిరి. ఈ దేవాలయమునకు 1870లో పునాదిరాయి పడినది. 1875 క్రిస్మసునాటికి పూజ జరిగినది. ముఖభాగమును, జంట గోపురములును 1891లో చేరినవి. మరుసటి యేడు ఇటలీనుండి ఐదు గంటలు వచ్చినవి.

ఫిరంగియు గంటయు కంచు బిడ్డలే. రాగిలో తగరము కలిపిన కంచగును. ఫిరంగికి తొమ్మిది పాళ్ల రాగికి ఒక పాలు తగరము చాలును. అది మందుగుండు దెబ్బకు పగులరాదు గదా! గంటకు నాలుగు పాళ్లకు ఒక పాలు తగరము పడును. తగరము హెచ్చినకొలది లోహము పెళుసగును గాని, నాదము చాలసేపు నిలుచును. గంటనాలుక తాకు అంచు అన్నిటికన్న మందముగా నుండును. గంట పెద్దదైనకొలది స్వరము మంద్రమగును. కతోలిక సంప్రదాయమున ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము త్రికాల జపమునకు గంట మ్రోగింతురు. ఊరిలో ఎవరైన గతించినచో ఒక్కొక్క దెబ్బగా, ఆగి ఆగి కొట్టుదురు. మన తెలుగున మ్రోగు వస్తువును గంటయే, అరువది నిమిషముల కాలమును గంటయే. గడియారము లేని యిండ్లకు ఆ రెండును నిజముగా ఒక్కటియే. మేము పోయిన వేళ మాత్రము గంటలు మ్రోగలేదు; రోడ్డుమీది హారన్లు మ్రోగినవి.

లోపలికి పోవు క్రైస్తవేతరులు ఒక సంగతి తెలిసికొన్నచో చూపు సార్థకమగును. శంఖచక్రములనుబట్టి విష్ణువును పోల్చుకొన్నట్లు, ఇచ్చటను చేతిలోని వస్తువే ఆనవాలు. తాళపుచెవులు పట్టినవాడు పునీత పేతురు. లిల్లీపూవో వడ్రంగి పనిముట్టో పట్టినవాడు జోజప్ప. గోడలపై వరుసగా నుండు పదునాలుగు చిత్రములు సిలువ మార్గము. క్రీస్తునకు మరణదండన విధించుటతో మొదలై సమాధితో ముగియును. భక్తులు ఒక్కొక్క చిత్రముకడ నిలిచి, ప్రార్థించి, ముందుకు నడతురు. అది కంటికొరకే గాక కాళ్లకొరకును గీచిన బొమ్మల వరుస. దివ్యసత్ప్రసాద మందసముకడ దీపము వెలుగుచున్నచో ప్రసాదము లోపల నున్నదని అర్థము. అట్టి చోట కెమెరా సంచిలో నుండుటయే మేలు.

ఇట్టి వస్తువులు ప్రదర్శనశాలకు ఎప్పుడు పోవును? వాని పని ముగిసినపుడు. 1962 మొదలు 1965 వరకు జరిగిన రెండవ వాటికను మహాసభ తరువాత లాటినుకు బదులు ప్రజల భాషలలో పూజ వాడుకకు వచ్చెను; గురువు ప్రజలవైపు తిరిగి పూజ చేయసాగెను. అందుకై లోకమంతట బలిపీఠముల అమరిక మారినది. ఆ సందడిలో పాత వస్తువులు కొన్ని అమ్ముడుపోయినవి, కొన్ని నశించినవి. వానిని కాపాడుడని 1971లో రోమునుండి బిషపులకు లేఖయే రావలసివచ్చెను. పాత గోవాలో సాంటా మోనికా కన్యకాశ్రమమునందలి క్రైస్తవ కళాప్రదర్శనశాలలో దంతపు విగ్రహములు, వెండి పాత్రలు, పూజావస్త్రములు భద్రముగా నున్నవి. వానిలో పెక్కింటిని మలచినది ఈ దేశపు చేతులే. అవి దక్కినవి, కాని వానియెదుట మోకరిల్లువారు లేరు. గంట సంగతి యింకను కష్టము. బీట వారిన గంటను కరగించి మరల పోత పోసినచో పాతది మాయమగును. అట్లే దాచినచో మూగదగును. మ్రోగగలిగినంతకాలము దానిని గోపురమునందే ఉంచవలెనని మా అభిప్రాయము. దానికి తనిఖీ, మరమ్మతు, ఖర్చు తప్పవు.

తిరిగి మెట్రోలో ఎం.జి.బి.ఎస్. చేరి, మూసీ ఒడ్డునగల సాలార్‌జంగ్ మ్యూజియమునకు పోతిమి. అచ్చటి ముసుగు రెబెకా ఇటలీ శిల్పి బెంజోనీ చేసినది. మొదటి సాలార్‌జంగు 1876లో రోమున కొనెను. రెబెకా బైబిలు ఆదికాండములోని వధువు. తనకు కాబోవు భర్త ఇస్సాకును దూరమునుండి చూచి ముసుగు వేసికొన్నదని కథ. పలుచని మేలిముసుగును, దాని చాటున ముఖమును ఒకే పాలరాతిలో కనిపించునట్లు చెక్కుట చూచి మా వెంటనున్న పెద్దమ్మ చాలసేపు కదలలేదు.

అంతలో జనము గడియారమువైపు పరుగెత్తిరి. గంట గంటకు ఒక చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టిపోవు గడియారమది. నాలుగు దెబ్బలు లెక్కపెట్టి, గన్‌ఫౌండ్రీ గంటలు ఎప్పుడు మ్రోగునని మా చిన్నవాడు అడిగెను. ఆదివారము ఉదయము పూజవేళకు మరల వచ్చి గేటువద్ద నిలిచి వినవచ్చునని చెప్పితిమి. వాడు పెందలకడనే లేచునా అనునదే అనుమానము.