బాస్కెట్‌బాల్: పొడగరిని బెంచ్ మీద ఎందుకు కూర్చోబెడతారు? కోచ్ లెక్క ఇదే!

బాస్కెట్‌బాల్‌లో పొడుగే పెద్ద ఆస్తి. రింగ్ ఎత్తు 3.05 మీటర్లు. అందుకే జట్టులో అందరికంటే పొడుగైన ప్లేయర్‌ను కోచ్ రింగ్ దగ్గర పెడతాడు. అతడే సెంటర్. మరి దాదాపు అంతే పొడుగున్న ఇంకొకరు బెంచ్ మీద ఎందుకు ఉంటారు? విజయవాడ అయినా, గుడివాడ అయినా, మచిలీపట్నం అయినా.. స్కూల్ మ్యాచ్‌కు వచ్చిన తల్లిదండ్రులకు వచ్చే డౌట్ ఇదే. "మావాడు ఇంత పొడుగున్నాడు కదా, ఎందుకు దింపట్లేదు?" అని. దీని వెనుక పెద్ద లెక్కే ఉంది.

ఐదు ఫౌల్స్ చేస్తే ఇంటికే!

అంతర్జాతీయ రూల్స్ ప్రకారం మ్యాచ్ మొత్తం 40 నిమిషాలు. పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. కోర్టులో ఐదుగురు ఆడతారు. బాల్ ఆగినప్పుడు ఎన్నిసార్లయినా ప్లేయర్లను మార్చుకోవచ్చు. అయితే ఒక ప్లేయర్ ఐదు ఫౌల్స్ చేస్తే ఇక ఆ మ్యాచ్‌లో ఆడే చాన్స్ ఉండదు.

ఈ దెబ్బ ఎక్కువగా తగిలేది సెంటర్‌కే. ఎందుకంటే తోపులాట అంతా రింగ్ కిందే జరుగుతుంది. షాట్ ఆపబోయి చెయ్యి తగిలినా ఫౌలే, రీబౌండ్ కోసం వెనక నుంచి నెట్టినా ఫౌలే. అందుకే ఫస్టాఫ్‌లోనే రెండు ఫౌల్స్ పడితే చాలామంది కోచ్‌లు మెయిన్ సెంటర్‌ను బయటకు పిలిచేస్తారు. డెత్ ఓవర్ల కోసం బుమ్రా ఓవర్లు దాచుకున్నట్టే, చివరి క్వార్టర్ కోసం సెంటర్‌ను దాచుకుంటారన్నమాట. ఆ టైమ్‌లో దిగేవాడే బ్యాకప్ సెంటర్.

మన ఎండలూ ఓ కారణమే

బరువైన ఒంటితో ఆ చివర నుంచి ఈ చివరకు పరిగెత్తడం మామూలు విషయం కాదు. కృష్ణా డెల్టాలో ఎండకు ఉక్కపోత కూడా తోడవుతుంది. ఆరుబయట సిమెంట్ కోర్టు మీద ఆడితే పరిస్థితి చెప్పక్కర్లేదు. ఆయాసం వస్తే ముందు కాళ్లు ఆగిపోతాయి. కాళ్లు ఆగితే చేతులు ముందుకెళ్తాయి. చేతులు వెళ్తే ఫౌల్ పడుతుంది. సెంటర్ పూర్తిగా అలిసిపోయాక మార్చడం కాదు, అలిసిపోకముందే మార్చడం కోచ్ తెలివి.

ఎప్పుడు దింపాలి?

ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి, ప్రత్యర్థి మెయిన్ సెంటర్ రెస్ట్ తీసుకునే టైమ్‌లోనే తన బ్యాకప్‌ను దింపడం. అప్పుడు ఇద్దరు బ్యాకప్‌లే తలపడతారు కాబట్టి పెద్దగా నష్టం ఉండదు. రెండోది కాస్త రిస్క్. తన మెయిన్ సెంటర్‌కు ముందే రెస్ట్ ఇచ్చి, ప్రత్యర్థి బ్యాకప్ దిగిన టైమ్‌కు మళ్లీ దింపడం. కలిసొస్తే ఆ నాలుగైదు నిమిషాల్లోనే లీడ్ వచ్చేస్తుంది.

దిగాక ఏం చేయాలి?

బ్యాకప్ సెంటర్ నుంచి కోచ్ పాయింట్ల వర్షం ఆశించడు. అడిగేవి నాలుగే. రీబౌండ్ వదలకూడదు. తోటి ప్లేయర్‌కు దారి దొరికేలా డిఫెండర్‌కు అడ్డంగా కదలకుండా నిలబడాలి. షాట్ ఆపేటప్పుడు చేతులు నిటారుగా పైకెత్తాలి. పరిగెత్తుకుంటూ డిఫెన్స్‌కు వెనక్కి రావాలి.

చేతిలో ఐదు ఫౌల్స్ ఉన్నాయి కదా అని ఇష్టమొచ్చినట్టు ఆడినా కుదరదు. ఒక క్వార్టర్‌లో జట్టు ఫౌల్స్ నాలుగు దాటితే, ఆ తర్వాత డిఫెన్స్‌లో చేసే ప్రతి ఫౌల్‌కూ ప్రత్యర్థికి రెండు ఫ్రీ త్రోలు వెళ్తాయి.

పొడగరిని పక్కనపెట్టి కప్పు కొట్టారు!

ఒక్కోసారి పొడుగే భారమవుతుంది. 2015 ఎన్‌బీఏ ఫైనల్స్‌లో క్లీవ్‌ల్యాండ్‌తో సిరీస్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ 1-2తో వెనకబడింది. నాలుగో మ్యాచ్‌కు కోచ్ స్టీవ్ కెర్ ఏడడుగుల సెంటర్ ఆండ్రూ బోగట్‌ను బెంచ్‌కు పంపి, అతడి కంటే పొట్టివాడైన ఆండ్రే ఇగుడాలాను మొదటి నుంచే ఆడించాడు. ఆట స్పీడ్ పెరిగింది. వారియర్స్ 103-82తో గెలిచి, చివరికి సిరీస్‌ను 4-2తో సొంతం చేసుకుంది. ఫైనల్స్ ఎంవీపీ అవార్డు కూడా ఇగుడాలాకే దక్కింది. అంటే నిన్న మెయిన్ ప్లేయర్ ఇవాళ బెంచ్ మీద ఉండొచ్చు, బెంచ్ మీదున్నవాడు హీరో కావచ్చు.

ఆరు నిమిషాలే.. కానీ!

స్కూల్ జట్టులో ఉన్నది ఒకే ఒక్క పొడగరి అయితే, అతడికి నాలుగో ఫౌల్ పడగానే కోచ్ చేతులు కట్టేసినట్టే. రెండో పొడగరి రెడీగా ఉంటే ఆ భయం ఉండదు. అయితే మ్యాచ్‌లో ఎప్పుడూ దింపకుండా ప్రాక్టీస్‌కే పరిమితం చేస్తే ఆ ప్లేయర్ అవసరానికి రెడీగా ఉండడు. అబ్బాయిలైనా అమ్మాయిలైనా.. ప్రతి మ్యాచ్‌లో కొన్ని నిమిషాలు దక్కితేనే ధైర్యం వస్తుంది. ఆ ఆరు నిమిషాల్లో లీడ్ పోకుండా కాపాడితే చాలు, స్కోర్ షీట్‌లో పేరు పక్కన సున్నా ఉన్నా గెలుపులో వాటా ఉన్నట్టే.