కోకో తోటకు నడిగడ్డ కుర్రాళ్లు

సీడ్ పత్తి చేలో సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసేస్తారు. మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి ఒక్కో పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దుతారు. కృష్ణా తుంగభద్రల నడుమ, నడిగడ్డ అని పిలిచే గద్వాల పల్లెల్లో ఈ క్రాసింగ్ పని తెలియని ఇల్లు అరుదు. ఏలూరు జిల్లా కోకో తోటల్లో ఆ పనంతా దోమకన్నా చిన్న ఈగలే చేసిపెడతాయి. అవి రాలి కుళ్లిన ఆకుల్లో పెరుగుతాయి కాబట్టి అక్కడ తోటను అద్దంలా ఊడవరు.

సెలవుల్లో కోకో రైతుల దగ్గర ఉండి, పని నేర్చుకుని, చేతనైన సాయం చేసి రావడం నగరాలవాళ్ల సరదా అనుకుంటాం. నన్నడిగితే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు కుర్రాళ్లే ముందు వెళ్లాలి. ధర కంపెనీ చేతిలో ఉండే పంట ఎలా ఉంటుందో సీడ్ పత్తి చూసిన వాళ్లకొకరు చెప్పక్కర్లేదు.

వెళ్లగానే కత్తి చేతికిస్తారనుకోవద్దు. కోకో మానుకే పూసి, మానుకే కాస్తుంది. కాయ కోసేటప్పుడు తొడిమ మొదట్లో బెరడు గాయపడితే అక్కడ మళ్లీ పూత రాదు. కొత్తవాళ్లకు దక్కేది కాయ పగలగొట్టే పని. కత్తితో కోస్తే గింజ తెగుతుంది, అందుకే కర్రతో కొడతారు. లోపల తెల్లటి తీపి గుజ్జులో ముప్పై నలభై గింజలుంటాయి. వాటిని గంపల్లోనో చెక్కపెట్టెల్లోనో పోసి, అరటాకులు కప్పి, మధ్యమధ్య తిరగేస్తూ ఐదారు రోజులు పులియబెడతారు. చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడి పుడుతుంది, ఘాటు పుల్లవాసన ముక్కుకెక్కుతుంది. చాక్లెట్ రుచికి పునాది ఆ గంపలోనే పడుతుంది. ఆ తర్వాత తేమ ఏడు శాతానికి దిగేదాకా ఎండబెట్టాలి. వాన పడితే గింజలు ఎత్తడానికి నాలుగు చేతులు ఎక్కువుంటే రైతుకు నిజంగా మేలే.

అయితే రైతు గోడు వేరే. 2024లో పశ్చిమాఫ్రికాలో పంట దెబ్బతిని ప్రపంచ ధర ఎగబాకింది. ఇక్కడా కిలో వెయ్యి రూపాయల దాకా పలికింది. మరుసటి ఏడాదే సగానికి పడిపోయింది. రైతులు రోడ్డెక్కాక కంపెనీలు 450, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 50 కలిపి 500 ఇచ్చేలా ఒప్పందం కుదిరింది. గింజ పులిసిన తీరును బట్టి రేటు మారుతుందా, కౌలు రైతుకు ఎంత మిగులుతుంది? వెళ్లినవాళ్లు అడగాల్సినవి ఇవి. తడికలపూడిలో పులియబెట్టిన గింజతో హైదరాబాద్‌లో చాక్లెట్ చేస్తున్న ‘మనం’ లాంటి సంస్థలు వచ్చాక మొదటి ప్రశ్నకు బలం వచ్చింది.

తోట పనిలో పిల్లలున్నారా అన్నదీ గమనించాలి. ఘనా, ఐవరీకోస్ట్ కోకో తోటల్లో 15 లక్షల మందికి పైగా పిల్లలు పనిచేస్తున్నారని 2020లో వచ్చిన ఓ అధ్యయనం తేల్చింది. క్రాసింగ్‌కు బడిపిల్లలను దింపారన్న మచ్చ మోసిన నడిగడ్డకు ఆ మాట పరాయిది కాదు.

తిరిగొచ్చేటప్పుడు మొక్కలు తెచ్చుకోవాలని మనసు లాగుతుంది. వనపర్తి, గద్వాలల్లో ఆయిల్‌పామ్ వేశారు, గోదావరి జిల్లాల్లో ఆ వరుసల మధ్యే కోకో పండిస్తున్నారు మరి. కానీ కోకోకు నీడే కాదు, గాలిలో తేమా కావాలి. మన పాలమూరు ఏప్రిల్ వడగాలికి లేతాకు నిలవడం కష్టం. మొక్క కొనేముందు, ఏలూరు పక్కనే పెదవేగిలో ఉన్న ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ గేటు దాకా వెళ్లి, మీ ఊరి ఎండా నీళ్ల లెక్కలు ముందుంచి అడగండి.