బరువు చేతులు మారే చోటు

గిలకలదిండిలో బోట్లు బాగుచేసే గట్టు మీద చక్రాలున్న పెద్ద ఇనప డబ్బా ఒకటి ఉండేది. తుప్పుపట్టిన ఇంజను ముక్కలు, వంగిన షాఫ్టులు, తెగిన వైర్‌రోపులు అన్నీ అందులోకే. అది నిండాక రెండు చక్రాల ట్రాక్టర్ ట్రక్కు మీదికి ఎక్కిస్తుంటే నేనూ, నా దగ్గర ఫిజిక్సు చదువుకునే కుర్రాడూ నిలబడి చూశాం. డబ్బా ముందంచును జాకీతో లేపి ట్రక్కు వెనకంచు మీద ఆనించారు. ట్రక్కు ముందు వైపు కట్టిన చైన్ బ్లాకుతో లాగడం మొదలుపెట్టారు. డబ్బా సగం ఎక్కేసరికి ట్రాక్టర్ వెనక చక్రాలు నేల వదిలాయి. బండి మొత్తం మెల్లగా వెనక్కి జారింది. పనివాళ్లు గొలుసు వదులు చేసి పక్కకు దూకారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

“మాస్టారూ, బరువు ఎక్కింది ట్రక్కు మీదికి కదండీ, ట్రాక్టర్ ఎందుకు లేచింది?” అన్నాడు కుర్రాడు.

చెత్త డబ్బాలు మోసే లారీలు తొంభయ్యేళ్లుగా రూపాలు మార్చుకుంటున్నది ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికే.

డబ్బా బరువు 3 టన్నులనుకోండి, సరుకు అంతటా సమంగా సర్ది ఉందనుకోండి. మొదట ముందంచు ట్రక్కు మీద, వెనక చక్రాలు నేల మీద. చెరో టన్నున్నర మోస్తాయి. ఇక్కడే నాకీ పద్ధతి మీద ప్రేమ పుట్టింది. క్రేను మొత్తం 3 టన్నులనూ గాల్లోకి ఎత్తాలి. లాగి ఎక్కించే యంత్రం సగం భారాన్ని నేలతల్లికే వదిలేసి, మిగతా సగంతో పని మొదలుపెడుతుంది. కానీ డబ్బా లోపలికి జరిగేకొద్దీ వాటాలు మారతాయి. పావు వంతు ఎక్కేసరికి ట్రక్కు అంచు మీద 2 టన్నులు, నేల మీద ఒకటే. సగం ఎక్కేసరికి 3 టన్నులూ ఆ అంచు మీదే. డబ్బా వెనక చక్రాలు నేల వదిలేస్తాయి. బరువంతా చేతులు మారే క్షణం అదే. అది దిగే చోటు కూడా ట్రక్కు మొత్తంలో అతి బలహీనమైనది, ఇరుసుకు వెనకగా గాల్లో వేలాడే తోక.

ఇక అది పిల్లలాడుకునే తూగుబల్లే. తోక ఇరుసుకు మీటరున్నర వెనక, ట్రాక్టర్‌కు తగిలించే కొక్కెం 3 మీటర్లు ముందు ఉంటే, తోక మీది 3 టన్నులు కొక్కేన్ని టన్నున్నర బలంతో పైకి తంతాయి. ట్రక్కు ముందు భాగం సొంత బరువు అందులో కొంత తగ్గించినా టన్నుకు పైగానే మిగులుతుంది. మామూలు ట్రాక్టర్ వెనక చక్రాల మీద ఉండేది దాదాపు అంతే. ట్రాక్టర్‌కు బ్రేకులుండేదేమో ఆ వెనక చక్రాలకే! అవి లేచాక బ్రేకు ఎంత తొక్కినా లాభం లేదు. తోక కుంగి డబ్బా చక్రాలు మళ్లీ బురదలో కూరుకుంటే, చైన్ బ్లాకు డబ్బాను ముందుకు తేవడానికి బదులు ట్రక్కునే దాని వైపు లాక్కుపోతుంది.

అమెరికాలోని నాక్స్‌విల్‌లో జార్జ్ డెంప్‌స్టర్ అనే కాంట్రాక్టరుండేవాడు, పడుచుతనంలో పనామా కాలువ తవ్వకంలో ఆవిరి పార నడిపినవాడు. 1935లో ఆయన తెచ్చిన ‘డెంప్‌స్టర్ డంప్‌స్టర్’ ఇనప డబ్బాను చేతులతో ఎత్తి లారీ మీద పెట్టుకునేది. డబ్బా నిండేదాకా లారీ ఖాళీగా నిలబడక్కర్లేదన్నమాట. మన పట్టణాల్లో నాలుగు గొలుసులతో డబ్బాను ఎత్తుకునే డంపర్ ప్లేసర్ దానికి దగ్గరి చుట్టమే. బరువు తోకకు ఇంకా వెనక వేలాడుతుంది కాబట్టి, అది ముందుగా రెండు కాళ్లు నేలకు ఆనించి తర్వాతే చేతులు చాస్తుంది.

పెద్ద డబ్బాలకు ఆ చేతులు చాలవు. అక్కడ పోటీ తాడుకీ కొక్కేనికీ. తాడు పద్ధతిలో లారీ మీది చట్రం వెనక్కి వాలుతుంది. డ్రైవరు దిగి వైర్‌రోపు తగిలిస్తే, డబ్బా తన రోలర్ల మీద పైకి పాకుతుంది. పొడవాటి, బరువైన డబ్బాలకు ఇది బాగా నప్పుతుంది. కొక్కెం పద్ధతిలో వంగిన హైడ్రాలిక్ చేయి ఒకటి డబ్బా ముందున్న కడ్డీని పట్టుకుంటుంది. యూరప్‌లో ఎక్కువగా పాటించే కొలత ప్రకారం ఆ కడ్డీ ఎత్తు 1570 మిల్లీమీటర్లు. డ్రైవరు సీటు దిగక్కర్లేదు. నేను కొక్కెం పక్షం. కారణం ఒక్కటే: బరువైన డబ్బా అయితే చాలామంది డ్రైవర్లు బండిని న్యూట్రల్‌లో వదిలేస్తారు. చేయి లాగుతుంటే లారీయే వెనక్కి దొర్లి డబ్బా కిందికి దూరుతుంది. గిలకలదిండిలో మమ్మల్ని హడలగొట్టిన ఆ జారుడే ఇక్కడ పనివాడైంది. భారం మారే చోట లారీ తోకకు బలమైన రోలర్లుంటాయి. కొన్నిటికి నేల మీదికి దిగే కాలు కూడా ఉంటుంది.

ఫిన్లాండ్ కంపెనీ మల్టీలిఫ్ట్ ఈ కొక్కేన్ని దేశదేశాలకు తీసుకెళ్లింది. 1990లలో అమెరికా సైన్యం మందుగుండు మోయడానికి దీన్నే వాడుకుంది. ఇప్పుడు మన నగరాల చెత్త కేంద్రాల్లోనూ హుక్ లోడర్లు తిరుగుతున్నాయి.

గట్టు మీదివాళ్లకు ఇవేవీ లేవు. రెండోసారి వాళ్లు పడవల కింద పెట్టే దుంగలు రెండు తెచ్చి, బురదలో పలక పరిచి, ట్రక్కు తోక కింద బిగించారు. ట్రక్కు చక్రాలకు ముందూ వెనకా రాళ్లు వేశారు. గొలుసు మీద తడిపిన గోనెసంచి కప్పారు, తెగినా విసురు తగ్గుతుందని. గొలుసుకు సూటిగా ఎవరినీ నిలబడనివ్వలేదు. డబ్బా సగం ఎక్కింది, ఒక్క క్షణం ఊగింది, ముందుకు వాలి తొట్టిలో పడుకుంది. ఇరుసుకు కాస్త ముందుకు లాగి నాలుగు మూలలా గొలుసులు బిగించారు. ట్రాక్టర్ అంగుళం కూడా కదల్లేదు.

అది వెళ్లిపోయాక చూస్తే, పలక ఉన్నచోట నాలుగు వేళ్ల లోతు గుంట. కుర్రాడు గొంతుక్కూర్చుని దాన్ని వేళ్లతో కొలుస్తున్నాడు.